వేక్లిన్ ఏడో నంబరు

మిసెస్ గిబ్బర్డ్ రాసిన ఉత్తరంలో కారు అన్న మాటే లేదు. "మా రంపం ఆగిపోయింది. నలభై ఏళ్ళు మాట పడకుండా పనిచేసింది. గ్యారేజీ అతను వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇది నా వల్ల కాదు, పాత కార్ల క్లబ్బుకి రాయండి అన్నాడు. మీలో రంపాలు బాగుచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంతే ఉంది.

ఆ ఉత్తరం తిరిగి తిరిగి కోవెంట్రీలో ఉన్న హెస్టర్ పార్డో చేతికి వచ్చింది. హెస్టర్‌కి నలభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో ఒక పెద్ద కార్ల ఫ్యాక్టరీలో, ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మల్ని పల్చటి మైనపు గుడ్డ మీదికి సిరాతో ఎత్తి రాసే పని ఆమెది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని చేసీ చేసీ, ఏ గీత ఎవరి చేతిదో సంతకం చూడకుండానే చెప్పగలిగేది. ఆదివారాలు మాత్రం క్లబ్బువి. ఎక్కడైనా పాత బండి బయటపడితే, అది ఏ ఏడాదిదో తేల్చి చెప్పడం క్లబ్బువాళ్ళు ఆమెకి అప్పగించిన బాధ్యత. 1904 దాటకముందు తయారైన బండ్లనే నవంబరులో లండన్ నుంచి బ్రైటన్ దాకా సాగే పరుగులోకి రానిస్తారు. అందుకని ఆమె మాటకి విలువుండేది.

అది 1957 మార్చి. పెట్రోలు రేషను ఇంకా ఎత్తెయ్యలేదు. హెస్టర్ బస్సెక్కి కోర్లీలో దిగి, బురదలో మైలున్నర నడిచి ఆ పొలానికి చేరింది. మిసెస్ గిబ్బర్డ్ రబ్బరు బూట్లతో గేటు దగ్గరే నిలబడి ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయి. నడుం మాత్రం వంగలేదు.

"రంపాల మనిషివి నువ్వేనా, అమ్మాయ్?"

"కాదండీ, నేను కార్ల మనిషిని."

"అయితే వచ్చి ఏం లాభం? సర్లే, ఇంత దూరం వచ్చావు. టీ అన్నా తాగి వెళ్ళు."

టీ తాగడానికి వంటింట్లో కూర్చోమని చూపించిన బెంచీ దగ్గరే హెస్టర్ ఆగిపోయింది. నల్ల తోలు, కుచ్చులు పెట్టి కుట్టిన వీపు, రెండు చివర్లా వంపు తిరిగిన చేతులు. దాని మీద పిల్లి పడుకుని ఉంది. అది ఇంటి బెంచీ కాదు, బండి సీటు.

"ఇది ఎక్కడిదండీ?"

"రంపంతో వచ్చిందే. మా ఆయన కోళ్ళగూటికి తలుపులు కూడా దాన్నుంచే పీకాడు. ఏదీ పారెయ్యని మనిషిలే."

కొట్టంలో ఇటుక దిమ్మ మీద ఇనుప చట్రం ఒకటి బోల్టులతో బిగించి ఉంది. చక్రాలు లేవు. ఇంజను మీద నాలుగు దశాబ్దాల రంపపు పొట్టు గ్రీజుతో కలిసి అట్ట కట్టింది. ఒక పక్కన వెడల్పాటి తోలు పట్టా, దాని చివర గుండ్రటి రంపం. హెస్టర్ ఒక గోనెగుడ్డ తీసుకుని చట్రం ముందు భాగం రుద్దింది. ఇత్తడి పలక మెల్లగా పసుపు రంగు తేలింది. వేక్లిన్ మోటార్ కంపెనీ, కోవెంట్రీ. నంబరు 7.

ఆమె ఆ అంకెని గోనెగుడ్డతో మళ్ళీ రుద్ది చూసుకుంది.

దానికి కారణం ఉంది. వేక్లిన్ కంపెనీ మూతపడి ఇరవై ఆరేళ్ళయింది. 1940 నవంబరు బాంబులకి పాత ఫ్యాక్టరీతో పాటు అక్కడ దాచిన కాగితాలన్నీ బూడిదయ్యాయి. కంపెనీ పెట్టిన జొసయా వేక్లిన్ కొడుకు జెరాల్డ్ వేక్లిన్ ఇంకా ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తండ్రి కంపెనీ చరిత్ర రాద్దామని కూర్చుని, మొదటి అధ్యాయం దాటలేక పదిహేనేళ్ళుగా అవస్థ పడుతున్నాడు. అప్పటిదాకా దొరికిన వేక్లిన్ బండ్లలో అన్నిటికంటే పాతది పదకొండో నంబరు. ఒకటి నుంచి పది వరకు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆయన పత్రికల్లో ప్రకటనలిచ్చాడు. ఐర్లండు దాకా వెళ్ళొచ్చాడు. ఆస్ట్రేలియాలో గొర్రెలు కాసుకునేవాళ్ళకి కూడా ఉత్తరాలు రాశాడు.

ఇప్పుడు ఏడో నంబరు ఊరికి ఎనిమిది మైళ్ళ దూరంలో కట్టెలు కోస్తూ కూర్చుంది.

హెస్టర్ కోటు విప్పి మేకుకి తగిలించింది. ఇంజను ఒంటి మీద మసి తుడుస్తూ ఉంటే, ఒక చోట వేలికి నున్నగా తగిలింది. అరచేయంత మేర ఇనుమును ఎవరో ఆకురాయితో అరగదీసి చదును చేశారు. పోత పోసినప్పుడు పైకి ఉబికి వచ్చే అక్షరాలు ఉండాల్సిన చోటు అది.

"ఇక్కడ ఏదో పేరుండాలండీ. మీ ఆయన గాని తీసేశారా?"

"మా ఆయనా? ఆకురాయి పట్టుకోవడం ఆయనకి చేతనైతే గదా."

ఇంజను పక్కన పళ్ళచక్రాల మీది మూతని బోల్టులు విప్పి ఊడదీస్తే రంపం ఎందుకు ఆగిపోయిందో తెలిసింది. పెద్ద చక్రానికి రెండు పళ్ళు విరిగిపోయాయి. కాని హెస్టర్ చూపు చక్రం మీద లేదు. మూత లోపలి వైపు, మడ్డి కింద, సూదిమొనతో గీసినట్టు సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. గీతలు కావు. అక్షరాలు.

"ఈ మూత, ఈ చక్రం నాకు వారం రోజులు ఇస్తారా?"

"ఇస్తే కట్టెలు ఎవరు కోస్తారు? నువ్వొచ్చి కోస్తావా?"

"కోస్తానండీ," అంది హెస్టర్, పరధ్యానంగా.

మిసెస్ గిబ్బర్డ్ ఆమె సన్నటి చేతులకేసి చూసి నవ్వింది. "తీసుకుపో. నీ మొహం చూస్తుంటే ఇవ్వకపోతే ఇక్కడే పడుకునేలా ఉన్నావు."

ఇంటికి వచ్చాక హెస్టర్ ఆ మూతని కిరోసిన్‌లో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, ఆరబెట్టి, సుద్దపొడి రాసింది. పొడి గీతల్లో నిలిచి అక్షరాలు తెల్లగా లేచాయి. భూతద్దం లేనిదే చదవలేనంత చిన్నవి. అయినా ఒక్క అక్షరమూ వంకరపోలేదు.

అలాంటి రాతను ఆమె చిన్నప్పటి నుంచీ చూసింది. వాళ్ళ నాన్న చాపెల్‌ఫీల్డ్స్‌లో గడియారాల పనివాడు. ఆ పేటలో ఒకప్పుడు ఇంటింటా గడియారాలు తయారయ్యేవి. ఎవరి దగ్గరికైనా బాగుచేయడానికి గడియారం వస్తే, చేసిన పని, తేదీ, తన పేరు వెనక మూత లోపల గీసి మూసేవారు. సొంతదారుకి అది ఎప్పటికీ కనపడదు. తరువాత తెరిచే పనివాడికే కనపడుతుంది. కార్ల పనివాళ్ళెవరూ అలా గీయరు. ఈ ఇంజను తెరిచినవాడు గడియారాల మనిషి.

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"ఎ. ట్విగ్గర్. 9 మే 1902. పైన తీసేసిన పేరు పెరుషో, పారిస్. ఇది మొదటిది."

పేరు పోయిన చోటికి జవాబు దొరికింది. బండి ఏ ఏడాదిదో కూడా తేలింది. ఆమె పని అక్కడితో అయిపోవాలి. కాని ఆఖరి మాట ఆమెను వదల్లేదు. నంబరు చూస్తే ఏడు. లోపలేమో మొదటిది అని ఉంది. ఇంత పొందికగా రాసేవాడు ఒకటికీ ఏడుకీ తేడా తెలియక రాస్తాడా? మర్నాడు ఆఫీసులో గేరుపెట్టె బొమ్మ ఎత్తి రాస్తూ, ఒక పళ్ళచక్రానికి ముప్ఫై ఆరు పళ్ళకి బదులు ముప్ఫై ఏడు గీసింది. ఇరవై ఆరేళ్ళలో అలాంటి తప్పు ఎన్నడూ చేయలేదు.

శనివారం మధ్యాహ్నం క్రేవెన్ వీధిలో మిగిలిన ఒక్క గడియారాల దుకాణానికి వెళ్ళి మూత చూపించింది. దుకాణదారు కంటికి అద్దం బిగించుకుని చూసి, "అరె, ఏమోస్ ట్విగ్గర్ చేతిరాత ఇది," అన్నాడు.

"ఎక్కడ పూడ్చారో తెలుసాండీ?"

"పూడ్చడమేంటి! ఉల్లికాడల పోటీలో ఈసారి కూడా ఆయనే గెలిచాడు. హర్సల్ లేన్ వెనక తోటల్లో ఉంటాడు, పో."

ఏమోస్ ట్విగ్గర్‌కి డెబ్బై ఏడేళ్ళు. బక్కగా, పొట్టిగా ఉన్నాడు. ముక్కు మీద రెండు జతల కళ్ళద్దాలు ఒకదాని మీద ఒకటి. మోకాళ్ళ కింద గోనె వేసుకుని మట్టిలో వేలితో కన్నాలు చేస్తున్నాడు. హెస్టర్ గుడ్డలో చుట్టి తెచ్చిన మూతని తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన చేతులు లాగుకి తుడుచుకుని, మూతను ఎండకి తిప్పి చూసుకున్నాడు.

"యాభై అయిదేళ్ళు," అన్నాడు. "అంటే నా తరువాత ఎవడూ తెరవలేదన్నమాట. బాగానే బిగించాను."

"నేనే మొదటిదాన్ని, మిస్టర్ ట్విగ్గర్. నేను పార్డో వాళ్ళమ్మాయిని."

"ఎవరూ, శామ్ పార్డో కూతురివా? మీ నాన్న దగ్గర ఒక సన్న పట్టకారు తీసుకుని తిరిగివ్వలేదు నేను. అడగడానికి రాలేదు గదా?"

"లేదండీ. ఇది మొదటిది అని రాశారు. బండి మీద ఏడు అని ఉంది. అది అడగడానికి వచ్చాను."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు. తోట కొట్టంలోకి తీసుకెళ్ళి, బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి, డబ్బా పాలు పోసిన చిక్కటి టీ ఇచ్చాడు.

"విను. గడియారాల పని పడిపోతున్న రోజులవి. అమెరికా వాళ్ళు మిషన్ల మీద చేసి చవగ్గా దింపుతున్నారు. జొసయా వేక్లిన్ గారికి సైకిళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. మాలాంటివాళ్ళం అయిదుగురం అక్కడ చేరాం. ఒకరోజు ఒక పెద్ద చెక్కపెట్టె వచ్చింది. లోపల ఇంజను. గడ్డి పీకి చూస్తే పెరుషో, పారిస్ అని ఇంతింత అక్షరాలు. పెద్దాయన వచ్చి, దీన్ని విప్పండి, ప్రతి ముక్కా కొలవండి, మళ్ళీ బిగించండి అన్నాడు. విప్పడం ఒక్కరోజులో అయింది. బిగించడానికి మూడు వారాలు పట్టింది."

"మిగతా బండి?"

"చట్రం, సీటు, చక్రాలు, అన్నీ మనవే. ఇంజనే మనది కాదు. ఇంతలో కంపెనీలో వాటాలు కొనేవాళ్ళు బర్మింగ్‌హామ్ నుంచి చూడ్డానికి వస్తున్నారని కబురు. పెద్దాయన నాకు ఆకురాయి ఇచ్చి, ఆ పేరు తీసెయ్ ఏమోస్ అన్నాడు. తీసేశాను."

"తప్పనిపించలేదా?"

"ఎందుకనిపిస్తుంది? మీ నాన్న, మా నాన్న, మా తాత చేసిన గడియారాల మీద ఎవరి పేర్లుండేవి? లండన్ షాపువాళ్ళవేగా! ఒక్కదాని మీదైనా ట్విగ్గర్ అని ఉండేదా? పైన రాసేది కొనేవాడి కోసం, అమ్మాయ్. కాని లోపల రాసేది పనివాడి కోసం. రేపు ఇంకొకడు తెరుస్తాడు. వాడికి అబద్ధం చెప్పకూడదు. అందుకని రాశాను."

"మరి ఏడు?"

"అదా!" ఆయన కప్పు కింద పెట్టాడు. "పలక మీద నంబరు కొట్టేది కూడా నేనే. ఒకటి కొట్టమంటారా అని పెద్దాయన్ని అడిగాను. ఒకటి అని కనిపిస్తే ఎవడైనా ధైర్యంగా ఎక్కుతాడా, తన మీదే ప్రయోగం చేస్తున్నామనుకుంటాడు, ఏడు కొట్టు అన్నాడు. ఆరు ముందే అమ్ముడుపోయాయి అనుకోవాలి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకాయన నన్ను పక్కకి పిలిచి, ఆ ఆరూ బాగా నడుస్తున్నాయా అని అడిగాడు కూడా."

"మీరేమన్నారు?"

"వాటి గురించి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ అన్నాను."

హెస్టర్ పగలబడి నవ్వింది. మరుక్షణమే ఆ నవ్వు ఆగిపోయింది. క్లబ్బు పని మీద వెళ్ళినప్పుడు జెరాల్డ్ వేక్లిన్ గదిలో గోడ మీద చూసిన భూపటం కళ్ళ ముందు మెదిలింది. ఎక్కడెక్కడ వెతికాడో అక్కడల్లా ఆయన ఒక గుండుసూది గుచ్చి పెట్టుకున్నాడు. లేని బండ్ల కోసం పదిహేనేళ్ళు.

చెప్పాలా వద్దా అని ఆమె రెండు రోజులు తర్జనభర్జన పడింది. బండి 1902 నాటిదని రాసి ఊరుకున్నా ఎవరూ అడగరు. కాని తెలిసిన సంగతి దాచి, జెరాల్డ్ ఇంకో గుండుసూది గుచ్చుతుంటే చూస్తూ నిలబడగలదా? మంగళవారం పని వదిలాక ఆయన ఇంటికి వెళ్ళి, మూత బల్ల మీద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

జెరాల్డ్ వేక్లిన్ పొడుగాటి మనిషి. వినేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. అంతా విన్నాక మూతని చేతిలోకి తీసుకున్నాడు.

"మొదటి మర నుంచి ఆఖరి మర దాకా ఇంగ్లండులో తయారైంది," అన్నాడు. "ప్రతి ప్రకటన మీదా ఆ వాక్యం ఉండేది. చిన్నప్పుడు నాకు ప్రార్థనకంటే ముందు అది వచ్చింది."

"నేను చెప్పకుండా ఉండాల్సిందేమో, మిస్టర్ వేక్లిన్."

"ఐర్లండులో న్యుమోనియా వచ్చింది నాకు. మూడో నంబరు కోసం వెళ్ళి." ఆయన గొంతులో కోపమో ఏమో ఆమెకు అర్థం కాలేదు. "ఆ ట్విగ్గర్ నాతో మాట్లాడతాడా?"

ఆ వచ్చిన ఆదివారం ఇద్దరూ తోటకి వెళ్ళారు. ఏమోస్ లేచి నిలబడి టోపీ తీశాడు.

"చిన్నబాబు గారా! ఎంత పెద్దవారైపోయారండీ!"

అరవై ఎనిమిదేళ్ళ చిన్నబాబు బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. చాలాసేపు ఉల్లికాడల గురించే మాట్లాడాడు. ఆ తరువాత, అడగలేక అడిగినట్టు అడిగాడు.

"ట్విగ్గర్, నిజం చెప్పు. ఎనిమిదోది ఎవరిది? దాని ఇంజను కూడా పారిస్‌దేనా?"

"లేదండీ. ఎనిమిది పూర్తిగా మనదే. ప్రతి పన్నూ మన చేత్తో కోసిందే."

"నిజంగా?"

"ఒట్టు. అందుకే నడవలేదు."

జెరాల్డ్ బకెట్‌ని ముందుకు జరుపుకున్నాడు. ఏమోస్ చెప్పుకుపోయాడు.

"కెనిల్‌వర్త్ దారిలో గుట్ట ఎక్కుతూ ఆగింది. మీ నాన్నగారు, నేను, ఇంకో ఇద్దరం వెనక్కి తోసుకొచ్చాం. మళ్ళీ విప్పాం. తొమ్మిదోది గుట్ట ఎక్కింది గాని దిగనంది, బ్రేకులు పట్టుకుపోయాయి. పదోదాన్ని మీ నాన్నగారు తనే నడుపుకుంటూ వార్విక్ దాకా వెళ్ళి వచ్చారు. బండి దిగారు. గోడ వైపు తిరిగి నిలబడి ఏడ్చారండీ ఆయన. మేమంతా పని ఉన్నట్టు నటించాం."

జెరాల్డ్ కళ్ళద్దాలు తీసి, ఎంతో జాగ్రత్తగా తుడిచి, పెట్టుకున్నాడు. "ఇది ఎవరూ చెప్పలేదు నాకు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు." ఇంకాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. హెస్టర్ భయపడి చూసింది. ఆయన నవ్వుతున్నాడు. "అందుకే నడవలేదు! దేవుడా, ఇది పుస్తకంలో మొదటి వాక్యం కావాలి."

విరిగిన పళ్ళు ఏమోస్ కట్టాడు. గడియారపు చక్రానికి కట్టినట్టే, చక్రం అంచులో గాడి కోసి, కొత్త ఉక్కు ముక్క దించి, అతికించి, ఆకురాయితో రూపం తెచ్చాడు. రెండు పళ్ళకి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా జెరాల్డ్ మిసెస్ గిబ్బర్డ్ దగ్గరికి వెళ్ళి బండి అడిగాడు.

"నా రంపమో?" అందామె.

"కరెంటుతో నడిచే కొత్త రంపం తెచ్చిపెడతానండీ."

"అది నలభై ఏళ్ళు నడుస్తుందా?"

"మాటివ్వలేనండీ."

"మాటివ్వనన్నావు గనుక నమ్ముతాను. తీసుకుపో. సీటు మాత్రం ఇవ్వను, పిల్లి ఒప్పుకోదు."

ఏప్రిల్ చివరి ఆదివారం, ఇంకా ఇటుక దిమ్మ మీదే ఉన్న ఇంజనుని మొదటిసారి నడిపి చూశారు. హెస్టర్ మూత బిగించింది. ఏమోస్ ఒక్కో బోల్టూ తన చేత్తో తడిమి చూశాడు. జెరాల్డ్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజను నాలుగుసార్లు దగ్గింది. అయిదోసారి కొట్టమంతా పొగ నిండింది. రంపపు పొట్టు గాలిలోకి లేచింది. కోళ్ళు అరుస్తూ పరుగెత్తాయి. ఇంజను అదిరి, తడబడి, తరువాత నిలకడగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఏమోస్ తల ఒక పక్కకి వంచి విన్నాడు. ఆయన పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"మనవాళ్ళ పదోది ఇంతకంటే మెత్తగా నడిచేది," అన్నాడు.

క్లబ్బు పుస్తకంలో హెస్టర్ ఇలా రాసింది: వేక్లిన్, నంబరు ఏడు, మే 1902. ఇంజను పెరుషో, పారిస్. మిగతాది కోవెంట్రీ. కంపెనీ తయారుచేసిన మొదటి బండి. ఒకటి నుంచి ఆరు వరకు తయారు కాలేదు. ఆ చివరి వాక్యం మీద కమిటీలో గంటన్నర వాదన నడిచింది. లేదని ఎలా రుజువు చేస్తారని ఒకాయన పట్టుబట్టాడు. హెస్టర్ మూతను అందరికీ భూతద్దంతో సహా చేతుల మీదుగా తిప్పింది. చివరికి జెరాల్డ్ వేక్లిన్ లేచి, ఆ వాక్యం ఉండాలని కోరుతున్నది తానేనని చెప్పాక ఒప్పుకున్నారు.

జెరాల్డ్ గోడ మీది పటం తీసెయ్యలేదు. లేని ఆరు బండ్ల కోసం గుచ్చిన సూదులు మాత్రం పీకేశాడు. ఎనిమిది, తొమ్మిది, పది ఇంకా దొరకవలసి ఉన్నాయి. ఎనిమిదోదాన్ని 1903లో లెమింగ్టన్ పాల వ్యాపారి ఒకాయనకి అమ్మినట్టు గుర్తు అని ఏమోస్ అన్నాడు. ఆ పాలాయన మనవరాలు ఎక్కడుందో హెస్టర్ కనుక్కుంది. ఆ తరువాతి ఆదివారం ముగ్గురూ లెమింగ్టన్ బస్సు కోసం నిలబడి ఉండగా, వాన పడడం మొదలైంది. ఏమోస్ తన రెండు జతల కళ్ళద్దాలూ జేబులో పెట్టుకున్నాడు.

"దొరికితే మూత నేనే విప్పుతాను," అన్నాడు. "దాని లోపల ఏం రాశానో నాకే గుర్తులేదు."